అరవై శాతం

ఆసుపత్రిలో గుండె స్కాన్ తీసే ఎకో గది తలుపు మీద "అనుమతి లేనిదే లోపలికి రావద్దు" అని రాసి ఉంది. పంపుల మెకానిక్ దాన్ని అప్పటికి పదిసార్లు చదివాడు. చదివిన ప్రతిసారీ లేచి, వరండా చివరి దాకా నడిచి, మళ్లీ వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు. పక్కనున్న పెద్దాయన తన చేతికర్రను కాళ్ల మధ్యకు లాక్కున్నాడు, ఈ మనిషి ఎక్కడ తట్టుకుని పడతాడో అని.

"కూర్చోండి బాబూ. మీరు నడిస్తే లోపల పని త్వరగా అవుతుందా?" అన్నాడు పెద్దాయన.

"అవదనుకోండి," అని మెకానిక్ కూర్చున్నాడు. రెండు నిమిషాలకు మళ్లీ లేచాడు.

అతని భార్య లోపలికి వెళ్లి ఇరవై అయిదు నిమిషాలైంది. ఆమెకంటే ముందు వెళ్లినతను పది నిమిషాల్లో చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చేశాడు. ముప్పై ఏళ్లుగా మోటార్లు విప్పుతున్న మనిషికి ఈ తేడా చాలు. ఏమీ లేకపోతే పైపైన చూసి మూసేస్తారు. విప్పి అంతసేపు చూస్తున్నారంటే లోపల ఏదో ఉన్నట్టే.

ఆమె సిటీ బస్సులో కండక్టరు. పందొమ్మిదేళ్ల సర్వీసు. వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆమె కండక్టరమ్మే. ఇంటికొచ్చినా ఆ గొంతు తగ్గదు, వంటింట్లో అడ్డంగా నిలబడితే మొగుణ్ణి కూడా "ముందుకి జరగండి" అంటుంది. ఈ ఏడు డ్రైవర్లు కావాలనుకునే కండక్టర్లకు డిపోలో శిక్షణ పెట్టారు. ఆమె పరీక్ష రాసింది, పాసైంది, పెద్ద బండి లైసెన్సు అంతకుముందే తెచ్చుకుంది. మిగిలింది వైద్య పరీక్ష ఒక్కటే. అక్కడ డిపో డాక్టరు ఆమె ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, ఒకచోట ఆగి, మళ్లీ అక్కడే పెట్టి విన్నాడు. "చిన్న శబ్దమేదో ఉంది. చాలామందికి ఉంటుంది. అయినా ఒక ఎకో తీయించి శుక్రవారం తీసుకురండి," అన్నాడు. శిక్షణ సోమవారం మొదలవుతుంది. ఎకో తీయించడానికి వచ్చిన ఆ రోజు మంగళవారం.

తలుపు తెరుచుకుంది. ఆమె మెడ కింద మిగిలిపోయిన జెల్‌ను కాగితంతో తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ఏమన్నారు?" అన్నాడు మెకానిక్ ఎదురెళ్లి.

"ఏమంటారు, బాగానే ఉందన్నారు. అబ్బ, లోపల ఎంత చలో! ఎడం పక్కకి తిప్పి పడుకోబెట్టి, చెయ్యి తల కింద పెట్టుకోమంది ఆ మిషను చూసే అమ్మాయి. ఆ జెల్ పూసిందండీ, ఐసుముక్కే అనుకోండి. తర్వాత చిన్న పరికరం తీసుకుని పక్కటెముకల మధ్య నొక్కి నొక్కి చూసింది. ఊపిరి బిగబట్టమంటుంది, వదలమంటుంది. అన్నీ తెర మీద చూపించింది. మొదట నాకేం అర్థం కాలేదు, అంతా మబ్బు మబ్బుగా ఉంది. తర్వాత ఒక చప్పుడు..."

"చప్పుడా?"

"ఆఁ, అదే చెప్తున్నా. ఆ అమ్మాయి ఏదో మీట నొక్కింది. ఆ చప్పుడు విన్నాక నాకు..."

"చప్పుడు రాకూడదే," అన్నాడు మెకానిక్.

"అయ్యో, ముందు వినండీ."

"సరే సరే, రిపోర్టు రానీ. కాగితం చూస్తే అన్నీ తెలుస్తాయి. బస్సు టైమైంది, పద."

ఆమె నోరు మూసుకుని బస్సెక్కింది. ఖాళీ సీట్లున్నా కూర్చోకుండా డ్రైవరు వెనక కడ్డీ పట్టుకుని నిలబడి, అతని కాళ్ల కేసే చూస్తూ వచ్చింది. క్లచ్చి మీద అతని ఎడమ కాలు కదిలినప్పుడల్లా ఆమె ఎడమ కాలు కూడా కదిలింది. మెకానిక్ సీట్లో కూర్చుని చప్పుడు గురించి ఆలోచించాడు. స్క్రూడ్రైవరు మొన మోటారుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినడం అతని అలవాటు. చప్పుడు వచ్చిందంటే బేరింగు పోయినట్టే. అది కాకపోతే ఇంకేదో పోయినట్టు. బాగున్న మోటారు చప్పుడు చెయ్యగా అతను ఏనాడూ వినలేదు.

"బాగానే ఉందన్నారు" అన్న మాట కూడా అతనికి ఊరట ఇవ్వలేదు. ఆ మాట విలువెంతో అతనికి తెలుసు. పంపు ఆఖరి దశలో ఉన్నా, ఇంటివాళ్లు కంగారుగా మొహంలోకి చూస్తూ నిలబడితే అతను చెప్పేదీ అదే: "ఏం లేదమ్మా, బాగానే ఉంది." వాళ్లకి చెప్పినా అర్థం కాదు. అర్థమైతే పది ప్రశ్నలు వేస్తారు. ఎవరికుంది అంత తీరిక?

*

మర్నాడు ఆమె డ్యూటీకి వెళ్లాక అతనొక్కడే వెళ్లి రిపోర్టు తెచ్చుకున్నాడు. ఆసుపత్రి గేటు దాటకముందే, సైకిళ్ల స్టాండు దగ్గర నిలబడి కవరు విప్పాడు. మోటార్ల మీది రేకు ప్లేట్లు చదివీ చదివీ ఇంగ్లీషు అక్షరాలు అతనికి బాగానే వచ్చు. చాలా మాటలు కొరుకుడు పడలేదు. రెండు మాత్రం ఇట్టే పట్టుకున్నాడు. ఒకటి వాల్వు. రెండోది, వరస చివర నల్లగా, స్పష్టంగా ఉన్న అంకె: అరవై శాతం.

గుండె రక్తాన్ని తోసే శక్తి అని దాని పక్కన రాసి ఉన్నట్టు అతనికి లీలగా అర్థమైంది. నూటికి అరవై. అంటే నలభై పాళ్లు అప్పటికే పోయాయి.

రెండు వాల్వుల పక్కనా ఉన్న పొడుగు మాట ఒకటి నోరు తిరగలేదు. మందుల షాపులోకి వెళ్లి కాగితం మధ్యకు మడిచి, ఆ మాట ఒక్కటే కనపడేలా చూపించాడు. "దీనికి అర్థమేంటి బాబూ?"

షాపతను మాత్రల అట్టను కత్తెరతో కత్తిరిస్తూ ఓరగా చూశాడు. "రెగర్జిటేషన్. వెనక్కి కారడం," అన్నాడు. "ఎవరికండీ?" అని అతను తలెత్తేసరికి మెకానిక్ మెట్లు దిగిపోయాడు.

వాల్వులు కారుతున్నాయి. ఒకటి కాదు, రెండు. పంపు నూటికి అరవై పాళ్లే ఎత్తుతోంది. ఇలాంటి పంపు తన షెడ్డుకి వస్తే అతను బాగుచెయ్యడు కూడా. "దీన్ని ఇంక పక్కన పెట్టెయ్యండి" అంటాడు. ఆ మాటే అతని చెవిలో గింగురుమంది. రోడ్డు మీద నడుస్తున్నవాడు నడుస్తున్నట్టే గోడ పట్టుకుని ఆగిపోయాడు. అరుగు మీద కూర్చున్న ఒకాయన మంచినీళ్లు కావాలా అని అడిగితే చెయ్యి ఊపి వద్దన్నాడు.

కాగితం అడుగున "నార్మల్" అన్న మాట లేకపోలేదు. అతను చూశాడు. చూసి నమ్మలేదు. బాగుచేసిన ప్రతి మోటారుకీ సుద్దతో "ఓకే" అని రాసి పంపేది తనే కదా! అందులో ఎన్ని నెల తిరక్కుండా మళ్లీ వచ్చాయో అతనికి తెలుసు.

ఇంటి వెనక షెడ్డుకి వెళ్లి ఆ కవర్ని పనిముట్ల పెట్టెలో, అన్నిటికంటే అడుగున, పంపు కడ్డీకి గ్లాండు దగ్గర చుట్టే గ్రీజు తాడు కింద దాచాడు. ఆ పెట్టెకి ఏనాడూ తాళం లేదు. ఆ రోజు పాత తాళమొకటి వెతికి వేశాడు. తాళంచెవి ఎక్కడ పెట్టాలో తోచక, ఇంటికి తీసుకెళ్లి ఇంటి తాళంచెవి ఉండే మేకుకే తగిలించాడు.

సాయంత్రం ఆమె వచ్చి కుళాయి దగ్గర బకెట్టు నింపుకుని ఎత్తబోయింది. అతను పరిగెత్తుకెళ్లి లాక్కున్నాడు. సగం నీళ్లు ఆమె కాళ్ల మీదే పడ్డాయి.

"ఏంటిది?" అంది ఆమె.

"నేను తెస్తాలే. నువ్వు కూర్చో."

"పెళ్లై ఇన్నేళ్లైంది, ఏనాడైనా బకెట్టు ముట్టుకున్నారా?"

"ఇవాళ ముట్టుకున్నా. తప్పా?"

తడిసిన కాళ్లు దులుపుకుని ఆమె లోపలికి వెళ్లింది. ఆమె చీపురు పడితే చీపురు లాక్కున్నాడు. దుప్పట్లు దులపబోతే దుప్పట్లు లాక్కున్నాడు. వంట తనే చేస్తానని పొయ్యి ముందు నిలబడి, కూరలో ఉప్పు రెండుసార్లు వేశాడు. ఆమె తిని, రెండు గ్లాసుల నీళ్లు తాగింది. రోజూలాగే కుర్చీలో కూర్చుని పళ్లెం రెండు చేతుల్తో పట్టుకుని స్టీరింగులా అటూ ఇటూ తిప్పింది. ఎడమ కాలు నేలను నొక్కుతోంది, వదులుతోంది.

"రిపోర్టు వచ్చిందా?"

"రేపు రమ్మన్నారు," అన్నాడు మెకానిక్, పొయ్యి తుడుస్తూ వెనక్కి తిరక్కుండా.

పళ్లెం తిరగడం ఆగింది. అతని వీపు కేసి ఆమె కాసేపు చూసింది.

*

గురువారం పొద్దున్న ఆమె మొదటి ట్రిప్పులో ఉంటుందని తెలిసే మెకానిక్ డిపోకి వెళ్లాడు. దారి పొడుగునా అతని కళ్ల ముందు ఒకటే కనిపించింది. ఆమె స్టీరింగు ముందు కూర్చుంది, వెనక యాభై మంది ఉన్నారు, అరవై శాతం గుండె నడిరోడ్డు మీద ఆగిపోయింది. బస్సులో యాభై మంది ఉన్నా, ఆ ఊహలో పడిపోయేది ఆమె ఒక్కతే.

శిక్షణ విభాగంలో ఒక క్లర్కు కూర్చుని ఉన్నాడు. చెవి మీద పెన్ను, ముందు పేర్ల పట్టిక. మెకానిక్ అతనికి తెలుసు, డిపో బోరు పంపు పాడైనప్పుడల్లా వచ్చేది ఇతనే.

"మా ఆవిడ పేరు తీసెయ్యాలండి," అన్నాడు మెకానిక్.

"అదేంటి? ఆవిడే కదా నెలరోజులుగా నా ప్రాణం తీసింది, ఎప్పుడు మొదలు, ఎప్పుడు మొదలు అని."

"ఒంట్లో బాగాలేదు."

"ఆవిడ రాలేదే?"

"నేనొచ్చాగా."

క్లర్కు ఒక క్షణం పెన్నుతో చెవి గోక్కున్నాడు. ఆవిడ సంతకం కావాలని అతనికి తెలుసు. కానీ ఎదురుగా నిలబడ్డ మనిషి కళ్లు చూస్తే వాదించబుద్ధి కాలేదు. "సరే, మొగుడూ పెళ్లాలన్నాక ఎవరు రాస్తే ఏంటిలెండి. ఒక ముక్క రాసివ్వండి," అని తెల్లకాగితం ముందుకు తోశాడు.

మెకానిక్ నిలబడే రాశాడు. "నా భార్యకు ఆరోగ్యం సరిగా లేనందున శిక్షణకు రాలేకపోతున్నది. దయచేసి పేరు తీసివేయగలరు." కింద తన సంతకం పెట్టాడు. క్లర్కు పట్టికలో ఆమె పేరు మీద ఒక గీత లాగాడు. ఆ గీత అంత సులువుగా పడిపోవడం మెకానిక్‌కి నచ్చలేదు. అయినా చేయించుకోవడానికి వచ్చింది అదే కాబట్టి దండం పెట్టి బయటికి నడిచాడు.

ఆ రోజంతా కాలు నిలవలేదు. ఒక పంపు విప్పి, నీళ్లు తోసే ఇంపెల్లరు చక్రం ఊడదీసి, అది ఎక్కడ పెట్టాడో మర్చిపోయి గంటసేపు వెతికాడు. అది అతని జేబులోనే ఉంది.

సాయంత్రం ఆమె మాట్లాడకుండా ఇంట్లోకి వచ్చింది. టికెట్ల సంచి మేకుకి తగిలించి, ఆ పక్క మేకు కేసి ఒకసారి చూసింది. మొహం కడుక్కుంది. అతను బకెట్టు లాక్కుంటే వదిలేసింది. ఉప్పు తక్కువైన కూర తింది. పళ్లెం తిప్పలేదు, కాలు కదపలేదు. రిపోర్టు మాటే ఎత్తలేదు.

"నీరసంగా ఉందా?" అన్నాడు.

"లేదు."

"ఆయాసమేమైనా?"

"లేదన్నాగా."

మొదలైపోయిందనుకున్నాడు మెకానిక్. గుండె అలిసిపోతే మనిషి ఇలాగే అయిపోతుంది కాబోలు, మాట కూడా బరువవుతుంది కాబోలు. ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుందామనుకున్నాడు. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తెలియక, మళ్లీ వెళ్లి పొయ్యి తుడిచాడు.

*

శుక్రవారం పదింటికి పంతులమ్మ గారి దగ్గర్నుంచి కబురొచ్చింది. బడి నుంచి రిటైరై ఒంటరిగా ఉండే పెద్దావిడ. మంగళవారం ఆసుపత్రికి వెళ్లే ముందు హడావిడిగా ఆవిడ పంపుకి కొత్త తాడు చుట్టి, "ఏం లేదమ్మా, బాగానే ఉంది" అని చెప్పి వచ్చాడు.

ఆవిడ పంపు పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. పంపు కింద ఒక గిన్నె.

"ఏమయ్యా, ఇదేనా బాగుచెయ్యడం? మూడ్రోజులు కాలేదు, మళ్లీ కారుతోంది చూడు."

మెకానిక్ గొంతుక్కూర్చుని చూశాడు. గ్లాండు దగ్గర నీటిచుక్క ఊరి, పెద్దదై, గిన్నెలో పడింది. కాసేపటికి ఇంకొకటి. ఎలా ఉండాలో అలాగే ఉంది.

"కారాలమ్మా," అన్నాడు అలవాటుగా. "ఇక్కడ లోపల తాడు చుట్టి ఉంటుంది. దాని మధ్యలో ఈ కడ్డీ, అదే షాఫ్టు, తిరుగుతుంది. ఇలా చుక్క చుక్క కారుతుంటేనే అది తడిగా, చల్లగా ఉంటుంది. పూర్తిగా బిగించేశామనుకోండి, ఒక్క చుక్క కారదు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. షాఫ్టు మాత్రం కాలిపోతుంది. కారిందల్లా పాడైపోయినట్టు కా..."

అక్కడ ఆగిపోయాడు.

"ఆ ముక్క మంగళవారమే చెప్పొచ్చుగా?" అంది పంతులమ్మ. "మూడ్రోజులుగా గంటకోసారి ఈ గిన్నె ఒంపుతున్నాను. రాత్రి లేచి కూడా చూశాను, ఇల్లు మునిగిపోతుందేమోనని. ఏం లేదమ్మా అని నువ్వెళ్లిపోతే, ఉన్నదేంటో నాకెలా తెలుస్తుంది?"

మెకానిక్ ఇంకో చుక్క పడేదాకా చూశాడు. తర్వాత స్పానరు అక్కడే వదిలేసి లేచాడు.

"ఎక్కడికయ్యా?"

"ఇప్పుడే వస్తానమ్మా. మీ పంపుకి ఏం లేదు... అంటే, నిజంగానే ఏం లేదు. వచ్చాక మొత్తం విప్పి చూపిస్తాను."

ఎకో గది ముందు ఈసారి అతను కూర్చోలేదు. మధ్యాహ్నం తలుపు తెరుచుకుని, స్వెట్టరు వేసుకున్న టెక్నీషియన్ అమ్మాయి భోజనం డబ్బాతో బయటికి రాగానే అడ్డం పడ్డాడు.

"అమ్మా, ఒక్క నిమిషం. మంగళవారం కండక్టరు ఒకావిడ వచ్చింది. నేను వాళ్లాయన్ని. ఆవిడ రిపోర్టులో..."

"ఆవిడ రిపోర్టు గురించి మీతో మాట్లాడకూడదండీ," అంది ఆ అమ్మాయి. "ఆవిడనే అడగండి, లేకపోతే ఆవిడతో కలిసి డాక్టరు గారి దగ్గరికి రండి."

"పోనీ ఆవిడ సంగతి వద్దమ్మా. అరవై శాతం అంటే ఏంటి? ఎవరికైనా సరే, అరవై ఉంటే ఎన్నాళ్లు బతుకుతారు?"

ఆ అమ్మాయి అతని మొహం చూసింది. భోజనం డబ్బా కిటికీ గట్టు మీద పెట్టింది.

"కూర్చోండి బాబాయ్. అరవై అంటే ఏంటో ఎవరికైనా చెప్తాను. నెలకి నలుగురైనా దీనికోసం ఏడుస్తూ వస్తారు. మొన్నొక లెక్కల మాస్టారు మాత్రం ఫస్టుక్లాసు వచ్చిందని సంతోషపడ్డారనుకోండి." పిడికిలి బిగించి చూపించింది. "గుండె ఇంతే ఉంటుంది. ఎడమ వైపు గది రక్తంతో నిండుతుంది. ముడుచుకున్నప్పుడు కొంత బయటికి పోతుంది, కొంత లోపలే మిగులుతుంది. నిండినదాంట్లో నూటికి ఎంత బయటికి పోయింది అన్నదే ఆ అంకె. యాభై అయిదు, అరవై, డెబ్బై దాకా ఉంటే మంచి గుండె. వంద ఎవరికీ ఉండదు. నాకూ ఉండదు, పరుగుపందాల్లో పరిగెత్తేవాళ్లకీ ఉండదు. తడిబట్ట పిండినట్టు మొత్తం పిండేసే గుండె లేదు."

"మరి ఆ నలభై?"

"లోపలే ఉండాలి."

మెకానిక్ పెదాలు కదిలాయి. "కేసింగులో నీళ్లున్నట్టు," అన్నాడు మెల్లగా. "పంపు లోపల ఎప్పుడూ నీళ్లుండాలమ్మా. పూర్తిగా ఖాళీ అయితే గాలి పట్టేస్తుంది. ఎంత తిరిగినా ఎత్తదు."

"అచ్చం అలాగే కాదు. కానీ మీకలా అర్థమైతే అలాగే అనుకోండి."

"వాల్వులు కొంచెం కారినా..."

"రిపోర్టులో ట్రివియల్ అని రాస్తే లెక్కలోకి రానిదని. ఆరోగ్యంగా ఉన్న చాలామందిలో కనిపిస్తుంది. మా మిషను మరీ సన్నగా చూస్తుంది కాబట్టి మాకు దొరుకుతుంది, అంతే. ఎక్కువగా కారితే మైల్డ్, మోడరేట్, సివియర్ అని వేరే రాస్తాం."

"మరి అంతసేపు ఎందుకు చూస్తారమ్మా? ఒకళ్లకి పది నిమిషాలు, ఒకళ్లకి ఇరవై అయిదు..."

ఆ అమ్మాయి ఈసారి నవ్వింది. "మొదటిసారి వచ్చినవాళ్లకి అన్ని వైపుల నుంచీ చూస్తాం, అంతసేపు పడుతుంది. మళ్లీ చూపించుకోవడానికి వచ్చినవాళ్లకి కావలసినదొక్కటే చూసి పంపేస్తాం. పైగా కొందరు ప్రశ్నలడుగుతారు. ఇదేంటి, అదేంటి, ఆ ఎరుపేంటి, ఆ నీలమేంటి అని. అడిగినవాళ్లకి చెప్తాను. చెప్తే వాళ్ల భయం సగం తగ్గుతుంది. ఇంటికెళ్లి మీ ఆవిణ్ణి అడగండి బాబాయ్, నన్ను కాదు."

*

మెకానిక్ డిపో దాకా పరిగెత్తినంత పని చేశాడు. పట్టిక మీద పడిన ఆ గీతే కళ్ల ముందు ఉంది. ఆమె చోటు ఇంకొకరికి ఇచ్చేసి ఉంటే? నెలరోజులు తిప్పిన పళ్లెం, నొక్కిన నేల, పందొమ్మిదేళ్లు డ్రైవరు వెనక నిలబడ్డ కాళ్లు, వీటన్నిటినీ తను రెండు వాక్యాల్లో కొట్టేశాడు. తనకెవరిచ్చారు ఆ హక్కు?

క్లర్కు అతన్ని చూడగానే రెండు చేతులూ ఎత్తాడు. "మహానుభావా, మీ పుణ్యమా అని నిన్న నాకు పడ్డ అక్షింతలు అన్నీ ఇన్నీ కావు."

"ఎవరు..."

"ఎవరేంటి, మీ ఆవిడ! మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చింది. నోరు జారి, ఒంట్లో ఎలా ఉందమ్మా అని అడిగాను. నాకేమైంది అంది. మీ కాగితం చూపించాను. ఆఫీసంతా వినపడేలా ఒక్కటే అడిగింది: మా ఆయన చచ్చిపోయాడని నేనొచ్చి చెబితే, ఆయన్ని పిలవకుండానే పేరు కొట్టేస్తావా అని." క్లర్కు ఫైలు తీసి ముందు పెట్టాడు. "చూసుకోండి."

మెకానిక్ రాసిన రెండు వాక్యాలూ అలాగే ఉన్నాయి. వాటి కింద ఆమె చేతిరాత. "పై విషయం నాకు తెలియదు. నా గుండె గురించి రాయవలసింది నేను. శిక్షణకు వస్తున్నాను." సంతకం కాగితం చిరిగేంత గట్టిగా పడింది.

"ఆసుపత్రికెళ్లి రిపోర్టు ఇంకో కాపీ తెచ్చుకుంది. పొద్దున్నే డాక్టరు చూశాడు. ఫిట్. సోమవారం ఆరింటికి రమ్మన్నాం," అన్నాడు క్లర్కు. "మీరు మాత్రం ఇంక మా బోరు పంపుకి తప్ప దేనికీ రాకండి."

అతను ఇంటికి వెళ్లేసరికి ఆమె వీధి మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన ఆ కవరు. దాని మీద అతని బొటనవేలి గ్రీజు ముద్ర స్పష్టంగా కనిపిస్తోంది. కవరు పక్కన తాళం, తాళంచెవి.

"తెలిసిందా?" అంది ఆమె.

"తెలిసింది."

"ఎవరు చెప్పారు?"

"ముందు మందుల షాపతను. తర్వాత పంతులమ్మ గారి పంపు. తర్వాత ఆ ఎకో అమ్మాయి. ఇప్పుడు క్లర్కు."

"నన్ను తప్ప ఊళ్లో అందర్నీ అడిగారు."

మెకానిక్ కింది మెట్టు దగ్గరే నిలబడిపోయాడు.

"భయపడ్డారు, సరే. నామీద ప్రేమ, అదీ సరే," అంది ఆమె. గొంతు బస్సులో గొంతులా లేదు. "మీరలా బకెట్లు లాక్కుంటుంటే నాకెలా ఉందో తెలుసా? ఆ అమ్మాయి నన్ను మభ్యపెట్టిందేమో, నిజం మీకొక్కరికే చెప్పిందేమో అనుకున్నాను. బాగున్న గుండె మీ మొహం చూసి దడదడలాడింది. ఇవాళ డాక్టరు ఆ కాగితం చదువుతుంటే బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. నా గుండె సంగతి నాకంటే ముందు క్లర్కుకి ఎందుకు చెప్పారండీ?"

అతని దగ్గర ఉన్నదొక్కటే ప్రశ్న. అది మంగళవారం నుంచీ అక్కడే ఉంది.

"ఆ చప్పుడు..." అన్నాడు.

"ఏ చప్పుడు?"

"ఎకో గదిలో. చప్పుడు విన్నానన్నావు. విన్నాక ఏదో అయిందని చెప్పబోయావు. నేను విన్లేదు. ఏమైంది?"

ఆమె కవరు మీది గ్రీజు ముద్రను వేలితో రుద్దింది. చెప్పదేమో అనుకున్నాడు.

"లోపలికి వెళ్లేటప్పుడు చచ్చేంత భయమేసింది," అంది చివరికి. "మీకు చెప్పలేదు. చీకటి గది, ఒంటిమీద వైర్లు, ఒక్కదాన్నే. ఇంతలో ఆ అమ్మాయి మీట నొక్కింది. వుష్ష్... వుష్ష్... అని. మన షెడ్డులో మోటారు వేశాక గొట్టంలో నీళ్లు ఎక్కేటప్పుడు వస్తుందే, అచ్చం ఆ చప్పుడండీ. పెళ్లైన దగ్గర్నుంచీ ఆ చప్పుడు వింటూనే వంట చేశాను, బట్టలుతికాను. ఓస్, ఇదా అనుకున్నాను. భయమంతా పోయింది. ఎందుకు నవ్వుతున్నారని ఆ అమ్మాయి అడిగితే, మా ఆయన పంపుల మెకానిక్ అని చెప్పాను. బయటికి రాగానే మీకు చెబుదామనుకున్నాను."

మెకానిక్ కళ్లు మండాయి. గ్రీజు చేతుల్తో తుడుచుకోకూడదని గుర్తొచ్చి, మోచేత్తో తుడుచుకున్నాడు.

"ఇంకా ఏం కనిపించింది?" అన్నాడు.

ఆమె కవరు తీసి ఒళ్లో పెట్టుకుంది. "ముందుకి జరగండి," అంది, ఖాళీ అయిన చోటు చూపిస్తూ. అతను వచ్చి కూర్చున్నాడు. గుండెలో నాలుగు గదులుంటాయని ఆమె మొదలుపెట్టింది. వాల్వులు తలుపుల్లా ఎలా తెరుచుకుని మూసుకుంటాయో అరచేతులు కలిపి, విప్పి చూపించింది. అరవై అంటే ఏమిటో, ఆ నలభై ఎందుకు లోపలే ఉండాలో చెప్పింది. చెబుతుంటే ఆమె ఎడమ కాలు కింది మెట్టును నొక్కుతోంది, వదులుతోంది.

మెకానిక్ అదంతా ఆ మధ్యాహ్నమే విన్నాడు. ఆ మాట అనకుండా, ఊఁ కొడుతూ కూర్చున్నాడు.